విత్తనం మాటేమిటి?

మా సీమలో సేద్యం తెలియనివాళ్లు తక్కువ. శెనక్కాయ మొలక రాకపోతే రైతు చేలో పదును చూస్తాడు. వెంటనే విత్తనం గట్టిదా, పుచ్చుదా అని గుప్పిట పోసుకుని చూస్తాడు. చేనొక్కదాన్నే తిట్టి ఊరుకోడు.

ఆ రైతింటి కోడలి కడుపు పండలేదనుకోండి! రావిచెట్టు కింద నాగశిలలకు ప్రదక్షిణలు చేసేది ఆ పిల్లే. కర్నూలుకో కడపకో బస్సెక్కి పరీక్షలు చేయించుకునేదీ ఆ పిల్లే. కొడుకు సంగతి? “వాడికేం, మగాడు!”

ముప్పయ్యైదు దాటితే ఆడదానికి కష్టమన్నది నిజమే. అండాలు పుట్టుకతో తెచ్చుకున్న నిలవ. తరగడమే గాని పెరగడం లేదు. గర్భానికి ముందే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టమనీ, షుగరు, బీపీ చూపించుకోమనీ డాక్టర్లు చెప్పేది అందుకు తోడు జాగ్రత్త. సరే, మగవాడి బీజం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుందని ఎందరు మామగార్లకు తెలుసు? బీడీ, సారా ఇవాళ మానితే ఫలితం పై పంటలో చూడాలి. శెనక్కాయ కంటే తొందర పైరే లెండి!

2019లో మన రాష్ట్రంలోనే, గుంటూరులో, డెబ్బయి దాటిన ఒకావిడ దాత ఇచ్చిన అండంతో కవలల్ని కన్నది. “ఈ వయసులో కని ఎవరు పెంచుతారమ్మా?” అని అరుగుల మీద ఒకటే చర్చ. అడగవలసిన ప్రశ్నే, బిడ్డ పక్షాన ఎవరో ఒకరు అడగాలి. 2021 నాటి చట్టం ఇలాంటి చికిత్సకు ఆడవారికి 50, మగవారికి 55 ఏళ్లని హద్దు గీసింది. మగవారికి ఆ ఐదేళ్ల రాయితీ దేనికో!

అరవై దాటిన ఆసామికి రెండో సంబంధంలో కొడుకు పుడితే అదే అరుగు మీద చక్కెర పంచుతారు. వాడికి ఇరవయ్యేళ్లొచ్చేసరికి నాయన ఎక్కడుంటాడని అడిగిన పెద్దమనిషిని నేనింతవరకు చూడలేదు.