మొక్కు తీరిన తర్వాత

నాకు రెండు పేర్లు. బడిలో రాసిన పేరు ఒకటి, ఇంట్లో పిలిచే పేరు మరొకటి. ఇంట్లో పేరు నాగూరు. మూడో ఏట నాకు జ్వరం వచ్చి ఇరవై రోజులు దిగలేదట. కుంభకోణంలో చూపించిన వైద్యమేదీ పట్టలేదట. మా అమ్మ నాగూరు ఆండవరుకు మొక్కుకుంది. జ్వరం దిగింది. నన్ను చంకనెత్తుకొని నాగూరు వెళ్లి, దర్గా కోనేటి దగ్గర గుండు గీయించి, ఆ ఊరి పేరే నాకు పెట్టి తీసుకొచ్చింది. ఇందులో వింత ఉందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. గూట్లో వేంకటేశ్వరస్వామి పటం, దాని పక్కన నాగూరు మినార్ల పటం. రెండింటికీ ఒకే అగరొత్తి.

అరవై దాటిన ఈ వయసులో ఆ పేరు గురించి రాయవలసి వచ్చిందంటే దానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట మా అపార్టుమెంటులో ఒక ఇల్లు ఖాళీ అయింది. కాలేజీలో పాఠాలు చెప్పే ఒక ముస్లిం దంపతులు, చిన్నపిల్లతో వచ్చి చూసుకొని వెళ్లారు. ఆ సాయంత్రం సంఘం వాళ్లం కూర్చున్నాం. "వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ మనకెందుకు ఇబ్బంది" అని ఒకరన్నారు. వరసగా అందరినీ అడుగుతూ వచ్చారు. నా వంతు వచ్చినప్పుడు, "అందరి మాటే నా మాట" అన్నాను. పని అయిపోయింది. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాను. మా చెల్లెలు ఫోను చేసి, ఎప్పటిలాగే "నాగూరన్నా, భోంచేసినావా?" అంది. ముద్ద నోట్లోకి పోలేదు.

నేను చేసినది తప్పేనా? తప్పయితే ఏ లెక్కన తప్పు? మా అమ్మ మొక్కుకున్నది ఆండవరుకు. ఆ మొక్కు అప్పుడే చెల్లించింది. పై సంగతితో నాకు సంబంధమేమిటి? ఇలా వాదించుకుంటే చట్టప్రకారం గెలవవచ్చు. మనసు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో ఆలోచించడానికే ఈ వ్యాసం.

నాగూరు దర్గా 16వ శతాబ్దానికి చెందిన షాహుల్ హమీద్ అనే సూఫీ మహనీయునిది. తంజావూరును ఏలిన మన తెలుగు నాయకరాజులలో అచ్యుతప్ప నాయకునికి అంతుచిక్కని జబ్బు చేస్తే, అది చేతబడి అని ఆ మహనీయుడు కనిపెట్టి, సూదులు గుచ్చిన పావురాన్ని వెతికి తెప్పించి, సూదులు ఒక్కొక్కటే తీస్తుంటే రాజుకు నెమ్మదించిందని అక్కడ చెప్పుకునే కథ. అందుకే నేటికీ భక్తులు పావురాలను ఎగరేస్తారు. కథను కథగానే తీసుకుందాం. మేలట్టూరు గ్రామాన్ని భాగవతులకు దానమిచ్చినవాడిగా మనం తలుచుకునేది కూడా ఈ అచ్యుతప్పనే. తమిళదేశం నడుమ ఏటా నృసింహ జయంతికి తెలుగు నాటకాలాడే ఊరు అది. మన భాషకు నీడనిచ్చిన రాజును ఒక ఫకీరు బతికించాడని నాగూరు చెప్పుకుంటోంది. ఆ తర్వాత వచ్చిన మరాఠా రాజు ప్రతాపసింహుడు (1739–1763) తన మొక్కు తీరిందని దర్గాకు ఐదో మినారు కట్టించాడంటారు. 131 అడుగుల ఆ మినారే అయిదింటిలోనూ ఎత్తయినది.

రాజుల సంగతి అలా ఉంచి, మామూలు జనాన్ని చూడండి. కందూరి ఉత్సవానికి నాగపట్టణం నుంచి గంధం ఊరేగింపుగా వస్తుంటే దారి పొడుగునా నిలబడేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. కన్ను బాగుపడితే కన్ను బొమ్మ, కాలు బాగుపడితే కాలు బొమ్మ, పడవ క్షేమంగా ఒడ్డు చేరితే పడవ బొమ్మ రేకుల మీద ఒత్తించి సమర్పిస్తారు. అదే జనం నాగపట్టణానికి దక్షిణంగా పోయి సెప్టెంబరు 8 పండుగకు వేళాంగణ్ణి మాతకు కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఇది తమిళనాడుకే ప్రత్యేకం కాదు. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రంలో రొట్టెలు మార్చుకునేవాళ్లలో హిందువులు వేలమంది. దేవుని కడపలో ఉగాదినాడు వెంకన్న దర్శనానికి వచ్చేవాళ్లలో ముస్లింలున్నారు. బీబీ నాంచారి తమ ఆడపడుచు గనక ఆయన తమ అల్లుడని వాళ్ల లెక్క. గుంటూరు, నెల్లూరు వైపు హిందువుల ఇళ్లల్లో మస్తానయ్యలు, మస్తానమ్మలు ఎందరో.

వీటిని చూపించి, మనది ఎంతో కలుపుగోలు సంస్కృతి అని మురిసిపోవడం మామూలే. నేనూ సభల్లో అలా మాట్లాడినవాణ్ణే. ఆ సాయంత్రం తర్వాత మాత్రం ఆ మాట నా నోట పలకడం లేదు. దర్గాకు వెళ్లినవాళ్లం అక్కడికి చుట్టాలుగా వెళ్లామా, ఖాతాదారులుగా వెళ్లామా? మొక్కు అనేది ఒక ఒప్పందం. ఇది ఇయ్యి, అది ఇస్తాను. ఇచ్చి పుచ్చుకున్నాక ఎవరి దారి వారిది. అంగట్లో సరుకు కొన్నంత మాత్రాన అంగడివాడి కష్టసుఖాలు మనకు పట్టాలని ఎక్కడుంది? నేను అపార్టుమెంటులో చేసినది సరిగ్గా ఈ లెక్కే.

దీనికి రెండు మతాలలోనూ అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. అల్లాను తప్ప మరొకరిని అడగకూడదు, సమాధి దగ్గర మొక్కులు సరికాదు అనే ముస్లింలున్నారు. మన దేవుళ్లుండగా దర్గా ఎందుకనే హిందువులున్నారు. వీళ్లందరినీ ఛాందసులని కొట్టిపారెయ్యడం నాకిష్టం లేదు. నాతో పనిచేసిన ఒక ముస్లిం మిత్రుడు ఒకసారి నవ్వుతూనే అన్నాడు: "మీరు దర్గాకు వస్తారు సరే. నేను ఏం నమ్ముతానో ఒక్కసారైనా అడిగారా?" ముప్ఫై ఏళ్లు పక్కపక్క బల్లల మీద కూర్చున్నాం. నేను అడగలేదు.

అడగకపోవడానికి మనకు ఒక సౌకర్యం ఉంది. అన్ని దేవుళ్లూ ఒకటే అనేస్తే ఇక ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. గీత తొమ్మిదో అధ్యాయంలో, శ్రద్ధతో అన్యదేవతలను కొలిచేవారి పూజ కూడా, విధి తప్పినదే అయినా, తనకే చెందుతుందని భగవానుడు చెబుతాడు. ఎంత ఉదారమైన మాట! అయినా ఎదుటివాడి వైపు నుంచి ఆలోచించండి. అతడు తన దేవుడికి చేసిన నమస్కారాన్ని మనం మన పద్దులో జమ వేసుకుంటున్నాం. అతణ్ణి గౌరవించామని మనం అనుకుంటాం. తన మాట వినకుండానే ఒప్పేసుకున్నారని అతడు అనుకోవచ్చు. నీ నమ్మకం వేరు, నా నమ్మకం వేరు అని గీత గీసి చెప్పేవాడిలో కూడా ఒక మర్యాద ఉంది. అతడు కనీసం తేడాను గుర్తించాడు.

మరి ఈ తేడాతో ఎలా బతకాలి? క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే అశోకుడు 12వ శిలాశాసనంలో దీనికి సమాధానం రాయించాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఇప్పటికీ ఉంది. సొంత మతాన్ని అదే పనిగా పొగడకండి, ఎదుటి మతాన్ని అకారణంగా తక్కువ చేయకండి, నోరు అదుపులో పెట్టుకోండి, ఒకరి ధర్మాన్ని ఒకరు వినండి అని దాని సారాంశం. దానాలకన్నా ఇదే ముఖ్యమంటాడు. ఒకరికొకరు మొక్కండి అనలేదు, అంతా ఒకటే అనలేదు. వినమన్నాడు. ఒరిస్సాలోని మన పాఠకులకు తెలిసే ఉంటుంది, గంజాం జిల్లా జౌగడలో గానీ ధౌలిలో గానీ ఈ శాసనం లేదు. అక్కడ 11, 12, 13 శాసనాలకు బదులు వేరే రెండు చెక్కించారు. యుద్ధంలో అంత నలిగిన నేలకే ఈ మాట అందకపోవడం నాకెప్పుడూ బాధగా ఉంటుంది.

వినడం సరే, అంతటితో సరిపోతుందా? 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కడలూరు జిల్లా పరంగిపేటలో ముస్లిం జమాత్ వాళ్లు చుట్టుపక్కల జాలరి పల్లెలవాళ్లను ఆదుకొని, రోజుల తరబడి అన్నం వండి పెట్టారు. ఆ జాలర్లు హిందువులు. అక్కడ ఎవరూ ఎవరికీ మొక్కుకోలేదు. ఎవరి దేవుడు గొప్ప అన్న మాట రాలేదు. ఆకలి వేసింది, అన్నం వచ్చింది.

ఇది తలుచుకుంటే మా అమ్మ ఆఖరి రోజుల్లో అన్న మాట ఒకటి గుర్తొస్తుంది. నా గుండు గీయించిన రోజున ఎండకు నేను గుక్కపెట్టి ఏడుస్తుంటే, గట్టున కూర్చున్న ఒక సాయిబుల ఆవిడ తన కొంగు నీడ పట్టి, తన బిడ్డకు తెచ్చుకున్న పాలు నాకు పట్టిందట. అమ్మ హడావుడిలో ఆమె పేరు కూడా అడగలేదు. "ఆండవరుకు తీర్చేసినాము. ఆ పాలకు మాత్రం ఏమీ ఇయ్యలేదురా నాయనా" అనేది.

మొక్కుకు వెల ముందే కట్టి ఉంటుంది గనక తీర్చవచ్చు. అడక్కుండా వచ్చినదానికి వెల లేదు. ఆ బాకీ ఆ మనిషికి తీర్చలేకపోతే, ఆమెలాంటి మరొకరి కోసం మన గుమ్మం దగ్గర అట్టిపెట్టుకోవాలి. ఆ మరొకరు నా గుమ్మం దాకా వచ్చారు, చిన్నపిల్లతో సహా. నేను అందరి మాటే నా మాట అన్నాను.

ఆ మరుసటి సమావేశంలో నా ముద్దుపేరు సంగతి, పాల సంగతి చెప్పాను. నా మాట మొన్నటిది తప్పు అన్నాను. ఒకరు నవ్వారు. ఒకరు మొహం తిప్పుకున్నారు. మా ఎదురింటావిడ నెమ్మదిగా, "మా పిల్లకు కూడా నాగూరులోనే గుండు చేయించినాము" అంది. మరొకరికి వేళాంగణ్ణి మొక్కు ఉందట. తీర్మానమేమీ జరగలేదు. ఆ కుటుంబం అప్పటికే వేరే చోట ఇల్లు చూసుకుంది. చెప్పవలసిన రోజున చెప్పని మాట నెల ఆలస్యంగా చెబితే అది నాకు పనికొస్తుంది గాని, వాళ్లకు కాదు.

పొరుగు రాష్ట్రాల్లో తరాలుగా బతుకుతున్న మనకు, "మీ ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని ఇంటివాళ్లు అడిగినప్పుడు గొంతు ఎలా తడారిపోతుందో తెలుసు. ఇంకొకరి గొంతు తడారడం మనమే ముందు గుర్తుపట్టాలి. మీ ఇళ్లల్లోనూ నాగూర్లు, మస్తానమ్మలు ఉండే ఉంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో పిల్లలకు చెప్పండి. మొక్కు కథతో ఆపకండి. ఆ రోజు పక్కన ఎవరున్నారో, ఎవరు నీడ పట్టారో, గుర్తున్నంత వరకు అదీ చెప్పండి.