తుప్పు, లప్పము, ఉమ్మడి సాల



ప్రభువు కొండమీద చేసిన ప్రసంగములో భూమిమీది ధనమును గూర్చి చెప్పుచు చిమ్మెటను, తుప్పును, దొంగను ఒకే వరుసలో నిలువబెట్టెను. మత్తయి సువార్తలో మనము తుప్పు అని చదువుకొను మాటకు మూలమైన గ్రీకు మాటకు "తినుట" అని అర్థము. సెమినరీలో ఆ మాటను పరీక్షకొరకు నేర్చుకొంటిమి. దాని అర్థము మాత్రము ఈ మధ్య ఒక ఇంటి సాలలో, ఒక పాత కారు తలుపు క్రింద చెయ్యి పెట్టి చూచినప్పుడు బాగుగా తెలిసినది. రేకు ఉండవలసిన చోట వేలు లోపలికి పోయెను. పైన రంగు ఉన్నది, లోపల తినివేయబడినది.

ఆ ఇంటివారు మమ్మును అడిగిన ప్రశ్ననే ఈ నెల మీ ముందు ఉంచుచున్నాము. పాతబడి, తుప్పుపట్టి, ఎవరికిని అక్కరకు రాని వస్తువును ప్రేమకొద్ది బాగుచేయుట మంచిదేనా, లేక వ్యర్థమా? ఆ వస్తువు ఉన్న చోటు ఇద్దరిదైనప్పుడు, ఒకని ప్రేమకు రెండవవాడు ఎంతవరకు చోటియ్యవలెను?

వారి పేర్లు చెప్పము. వారి సెలవు తీసికొనియే వ్రాయుచున్నాము. శ్రీముఖలింగమునకు దగ్గరలో, వంశధార గట్టున వారి ఊరు. ఇద్దరు అన్నదమ్ములు, ముసలి తల్లి. ఇల్లు పంచుకొనిరి గాని వాకిట ఉన్న రేకుల సాల మాత్రము ఉమ్మడిగానే ఉన్నది. ఆ సాలలో తండ్రిగారి అంబాసిడరు కారు.

ఇప్పటి పిల్లలకు అంబాసిడరు అనగా సినిమాలో చూచిన కారు. ఇంగ్లండులో మోరిసు ఆక్స్‌ఫర్డు అను పేరుతో ఉన్న కారు నమూనానే మన దేశములో హిందుస్థాన్ మోటార్సువారు 1950ల చివరనుండి బెంగాలులోని ఉత్తరపారాలో ఆ పేరుతో తయారుచేసిరి. 2014లో ఆ తయారీ ఆగిపోయెను. కలెక్టరుకును అదే, పెండ్లికొడుకునకును అదే, ఆసుపత్రికి పోవు రోగికిని అదే. ఈ కారు 1960లలో తయారైన మార్కు 2. తండ్రిగారు దానిని పాతదిగానే కొని, కిరాయికి నడిపి, ఆ కూటితో ఇద్దరు కొడుకులను పెంచెను. అర్ధరాత్రివేళ ఎవరు తలుపు తట్టినను లేచి శ్రీకాకుళము ఆసుపత్రికి తీసికొని పోయెడివాడు. దారిలోనే, ఆ వెనుక సీటులోనే పుట్టినవారు ఇద్దరు ఇప్పుడు మన సంఘములో ఉన్నారు. కాన్పు కిరాయి ఎన్నడును అడుగలేదని వారి తల్లులే చెప్పుదురు.

ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత కారు కదలలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఆ సాల పైరేకులు కొన్ని ఎగిరిపోయెను. వాననీరు చక్రముల సగము వరకు నిలిచెను. నీరు రెండు దినములలో పోయినది. తడి పోలేదు.

అన్న విశాఖలో ముప్పది ఏండ్లు వెల్డింగు పని చేసి ఇంటికి వచ్చినవాడు. చేతిలో విద్య ఉన్నది, మనస్సులో తండ్రి ఉన్నాడు. కారును తిరిగి నిలబెట్టవలెనని పూనుకొనెను. తమ్ముడు ఆటో నడుపుకొను మనిషి. ఉదయము బడిపిల్లలను, సంతనాడు కూరగాయల బుట్టలను మోయును. సాలలో చోటు లేదు గనుక ఆటో వేపచెట్టు క్రింద ఉండును. మొన్నటి వర్షములలో దాని అడుగు రేకుకు కూడ తుప్పు మొదలాయెను. అప్పుడు అతడు అన్నతో చెప్పిన మాట మాకు విని మరచిపోవుట సాధ్యము కాలేదు.

"అన్నా, నాన్న బండి నడిపి మనకి కూడెట్టినాడు. నానూ అదే పని సేస్తన్నాను. సచ్చిపోయిన బండి నీడనుండాల, బతికున్న బండి వానలో ఉండాలా?"

అన్న ఒక్క మాటే అనెను. "ఒగ్గేస్తే కిలోల లెక్కన తూకానికి పోద్దిరా, తమ్ముడా."

ఇద్దరి మాటలోను న్యాయమున్నది. అందుచేతనే ఇది కష్టమైన ప్రశ్న. ఒకడు దుష్టుడు, ఒకడు నీతిమంతుడు అయినప్పుడు కాపరికి పని తక్కువ.

మొదట తుప్పు సంగతి. ఇనుమునకు గాలియు నీరును తగిలినప్పుడు తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో పని వేగిరపడును. కళింగపట్నము తీరమునకు దగ్గరగా ఉన్నవారి ఇండ్లలో కిటికీ ఊచలు ఎంత త్వరగా చివుకునో మనకు తెలియును. అల్యూమినియము గిన్నెపై పుట్టు పొర ఆ గిన్నెను కాపాడును. ఇనుముపై పుట్టు తుప్పు కాపాడదు. అది ఉబ్బి, పొరలుగా రాలి, లోపలి కొత్త ఇనుమును మరల గాలికి అప్పగించును. కాబట్టి ఊరకే వదలినచో అది తనంతట తాను ఆగునది కాదు.

అంబాసిడరు విషయములో ఇంకొక సంగతి కలదు. లారీకి క్రింద చాసీ అను బలమైన చట్రముండును, పెట్టె దానిపై కూర్చుండును. ఈ కారునకు అట్టి వేరు చట్రము లేదు. పైపెట్టెయే బరువు మోయును. తలుపుల క్రింద గడపవలె పొడుగునా ఉండు రేకు అందములో భాగము కాదు, అది వెన్నెముక. ఆ గడప తుప్పు తిన్నదనగా కారు నిలుచుటకే ముప్పు. పట్టణములోని ఒక షెడ్డువారు ఆ రంధ్రములలో గుడ్డలు కుక్కి, పైన లప్పము పెట్టి, ఉప్పుకాగితముతో రుద్ది, మెరుగు రంగు వేసి వారములో ఇచ్చెదమని చెప్పిరి. చూచువారికి కొత్త కారే. లోపల తుప్పు చీకటిలో తన పని తాను చేసికొనుచుండును.

యెహెజ్కేలు ప్రవక్త గ్రంథము పదుమూడవ అధ్యాయము తీసి చదువుడి. బలములేని గోడకు పైపూత పూసి, అంతయు క్షేమమేనని ప్రజలకు చెప్పినవారిని గూర్చి అక్కడ వ్రాయబడినది. వాన కురిసినప్పుడు ఆ గోడకు ఏమాయెనో కూడ వ్రాయబడినది. అన్న ఆ షెడ్డువారి మాటకు ఒప్పుకొనలేదు. కుళ్లిన రేకును కోసి పారవేసి, మంచి ఇనుము కనబడువరకు పోయి, అక్కడ కొత్త రేకు అతికి, రెడ్ ఆక్సైడు పూసి, అటుపిమ్మటనే రంగు మాట తలపెట్టెదననెను. ఆరు నెలలు కారు మునుపటికంటె వికారముగా కనబడెను. బాగుచేయబడుచున్న వస్తువు ఒక కాలమున పాడైన వస్తువుకంటె హీనముగా కనబడును, ఇరుగుపొరుగువారు నవ్వుదురు. అట్టి నవ్వులకు అన్న జవాబు చెప్పలేదు, గ్యాసు వెలిగించుకొనెను.

కాని రేకు విషయములో ఇంత యథార్థముగా ఉన్న మనిషి చోటు విషయములో అట్లు ఉండెనా? మా అభిప్రాయమున లేడు. సాలలో సగము తమ్మునిది. అతనిని అడుగకయే పనిముట్లు పరచెను, సిలిండరు తెచ్చిపెట్టెను, విప్పిన సీట్లు గోడకు చేర్చెను. తండ్రి వస్తువు గదా, అడుగనేల అని అతని తలంపు. ఉమ్మడి ఇండ్లలో ఇట్టి తలంపువలన జరుగు నష్టము అంతింత కాదు. ప్రేమ పేరుతో పొరుగువాని పాలు వాడుకొనుచున్నామని మనకు తోచనే తోచదు.

రాజుల రెండవ గ్రంథము ఆరవ అధ్యాయములో యొర్దాను దగ్గర మ్రాను నరకుచున్న ఒకని గొడ్డలి ఊడి నీళ్లలో పడెను. అతడు ఎలీషాతో మొఱపెట్టుకొన్నది గొడ్డలి పోయినదని మాత్రమే కాదు, అది ఎరవు తెచ్చినదని. చేయుచున్న పని మంచిదే, దేవుని సేవకులకు నివాసము కట్టు పని. అయినను చేతిలోని వస్తువు పరునిదన్న స్పృహ అతనిని విడువలేదు. మంచి పనిలో ఉన్నప్పుడు కూడ ఆ స్పృహ నిలుపుకొన్నవాడు ధన్యుడు. అన్నకు ఈ భాగము చదివి వినిపించితిమి. చాల సేపు మాటలాడలేదు.

ఇక ఈ పని వ్యర్థమా అను మాట. డబ్బు లెక్క చూచినచో వ్యర్థమే. అమ్మినను పెట్టినది రాదు. రోడ్డుమీద సంపాదించుటకును పనికిరాదు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము చేసిన నిబంధన ప్రకారము, ఏబది ఏండ్లు దాటి, మొదటి రూపము చెడకుండ ఉన్న వాహనములను వింటేజి బండ్లుగా నమోదు చేసికొనవచ్చును. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయలు. పది ఏండ్ల గడువు. ప్రదర్శనకు, పరిశోధనకు, అట్టి కార్ల ఊరేగింపునకు, పెట్రోలుకు, మరమ్మతునకు తప్ప మామూలుగా నడుపరాదు, కిరాయికి అసలే త్రిప్పరాదు. మొదటి రూపమునకు ఈ చట్టము విలువ ఇచ్చుచున్నది గాని ఈ కారును తిరిగి కాన్పులకు పంపదు. ఆ పనికి మన రాష్ట్రములో 2005 నుండి 108 బండ్లు ఉన్నవి.

ధనవంతులకు ఈ చిక్కు లేదు. హైదరాబాదులో ఆరవ నిజాము పురమాయించిన రోల్సురాయిసు పసుపు పచ్చని కారు ఒకటున్నది, 1912 నాటిది. కారు చేతికి రాకముందే 1911లో ఆయన మరణించెను. కుమారుని కాలమున అది నడిచినది బహు కొద్ది మైళ్లే. పిమ్మట ఏండ్ల తరబడి మూలబడి, మరల బాగుచేయబడి ఇప్పుడు చౌమహల్లా ప్యాలెసులో చూచువారికొరకు నిలిచియున్నది. ఆ కారును నిలుపుటకు ఎవని ఆటోయు వానలో తడియలేదు. పేదవాని జ్ఞాపకమునకు చోటు దొరుకుటే కష్టము, అందుచేత దానిని ఎక్కువ జాగ్రత్తగా పంచుకొనవలసియుండును.

అయినను మేము దీనిని వ్యర్థమనము. మన పొరుగుననున్న శ్రీముఖలింగము గుడిని చూడుడి. ఒకప్పుడు కళింగనగరమని పేరొంది గంగరాజులకు రాజధానియైన ఊరు అది. మన ఆరాధన అక్కడిది కాకపోయినను ఆ రాళ్లు చెక్కినవారు మన నేలవారే. పురావస్తు శాఖవారు దానిని కాపాడుచున్నారు. దానివలన ఎవరికి ఎంత లాభమని లెక్క వేయరు. చేతిపని ఎరిగిన మనుష్యులు పూర్వమున్నారని తరువాతి వారికి తెలియుటే దాని ప్రయోజనము. తండ్రి చేతి రాపిడికి నున్నబడిన స్టీరింగును అన్న మార్చలేదు, పూత కూడ వేయలేదు. గడప రేకు కొత్తది, స్టీరింగు పాతది. ఇక ఇది తండ్రి కారేనా అని కొందరు తర్కించిరి. పూర్వము ఏథెన్సువారు థీసియసు ఓడ పలకలు ఒక్కొక్కటిగా మార్చినప్పుడు అక్కడి తత్వజ్ఞానులును ఇట్లే తర్కించుకొనిరని ప్లుటార్కు వ్రాసెను. మాకు అంత ఓపిక లేదు. తల్లి ఆ స్టీరింగు పట్టుకొని చూచి గుర్తుపట్టినది, అది చాలును.

ఆ తల్లియే తగవు తీర్చినది. మేము హిజ్కియా రాజు సంగతి చెప్పబోయితిమి. మోషే చేసిన ఇత్తడి సర్పము ఒకనాడు ప్రాణములు కాపాడినదే. ప్రజలు దానికి ధూపము వేయనారంభించగా రాజు దానిని పగులగొట్టించెను. మేము ముగించకముందే ఆమె కొడుకుల తట్టు తిరిగి, "మీ నాన్న ఈ కారు జనాల కోసరం నడిపినాడు. మీరు కొట్టుకోడానికి కాదు," అనెను. పిమ్మట అన్నతో, "మీ నాన్న పని ఇప్పుడు సేస్తన్నది నీ తమ్ముడి బండిరా," అనెను.

మా ఆలోచనయు అదే. కారు రూపము అన్న చేతిలో ఉన్నది, కారు చేసిన పని తమ్ముని చేతిలోనికి పోయినది. రెండును తండ్రివే. కాని వానలో ఎవరిది ముందు అని అడిగినచో, పిల్లల కూడు మోయునదే ముందు. ఇందులో మాకు సందేహము లేదు.

జూన్ మొదలు తుపానుల కాలము ముగియువరకు సాల ఆటోకు అని ఒప్పుకొనిరి. కారుకొరకు సాల ప్రక్కన అన్న తన డబ్బుతో పాత రేకులు, సరుగుడు వాసాలు తెచ్చి వాలుగా పందిరి దించెను; అడుగున ఇటుకలు పరచి చక్రములు తడి తగులకుండ ఎత్తెను. ఎవరును చెప్పకుండనే ఇంకొక పని చేసెను. కారు ఎడమ గడప సగములో ఆపి, మొదట ఆటో అడుగు రేకు కోసి, కొత్తది వేసి, అతికి ఇచ్చెను. లప్పము పెట్టలేదు.

ఇంజను ఇంకను పలుకలేదు. ఇన్నేండ్ల పడకలో పిస్టనులు బిగుసుకొనిపోయినవి. ప్లగ్గులు విప్పి ఆ రంధ్రములలో కిరసనాయిలు పోసి వారములు నానబెట్టి, ముందునుండి హ్యాండిలు దూర్చి చూచుచున్నారు. బలవంతము చేసినచో లోపల విరుగును గనుక దినమునకు కొంచెము చొప్పున. పోయిన శనివారము రాత్రి అది పావు చుట్టు తిరిగెనట. హ్యాండిలు పట్టినది తమ్ముడు.