ముందు నడిచేవాడు పక్కకు జరగాలి



గుంటూరు జిల్లా ఎండలో పుట్టి పెరిగినవాణ్ణి. మంచు కొండ గురించి వీడికేం తెలుసని మీరు అనుకోవచ్చు. నిజమే, తెలియదు. కానీ మొన్న జనవరిలో ఆ మంచులో నడిచిన నాలుగైదు గంటలు, ఇరవై ఏళ్ళుగా ఊరూరా ధమ్మం చెబుతున్న నాకే ధమ్మం చెప్పాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

మా అక్క కూతురు అమెరికాలో సియాటిల్ దగ్గర ఉద్యోగం చేస్తోంది. చూడ్డానికి వెళితే, "మావయ్యా, ఇంట్లో కూర్చున్నది చాలు, కొండెక్కుదాం రండి" అంది. ఆ కొండ పేరు రెయినియర్. ఆ ప్రాంతపు మూలవాసుల నోట తహోమా. ఎత్తు 14,410 అడుగులు. మేము శిఖరానికి పోలేదు. 5,400 అడుగుల ఎత్తున ప్యారడైజ్ అనే చోటు ఉంది, అక్కడ కారు దిగాం. 6,800 అడుగుల దగ్గరున్న పనోరమా పాయింట్ దాకా నడవాలని మా అనుకోలు. చెప్పుకోవడానికి 1,400 అడుగుల ఎక్కుడే. కానీ అక్కడి మంచు మాటలు కాదు. 1971-72 సంవత్సరంలో ఆ ఒక్క చోటే 1,122 అంగుళాలు, అంటే 93 అడుగులకు పైగా కురిసిందట!

అంత మంచులో ఉత్త బూట్లతో అడుగేస్తే తొడ దాకా దిగబడతాం. అందుకని బూట్ల కింద స్నోషూలు కట్టుకుంటారు. ఇవి పాదం కంటే బాగా వెడల్పు, పొడవు ఉన్న చట్రాలు. బురదలో పలక వేసుకుని నిలబడితే ఎలా దిగబడమో ఇదీ అంతే, ఒంటి బరువు ఎక్కువ మేర పరుచుకుంటుంది. వాలులో జారకుండా కింద ఇనుప పళ్ళుంటాయి. అమెరికా ఆదివాసులు కర్ర వంచి, తోలు తాళ్ళు అల్లి తరతరాలుగా చేసుకున్న సాధనమిది.

అయినా కొత్తగా పడిన మంచులో ముందు నడిచేవాడికి మోకాలి లోతు తప్పదు. వాడు తొక్కి గట్టిపరిచిన జాడలో వెనకవాళ్ళు సులువుగా నడుస్తారు. అందుకే అక్కడ ఒక పద్ధతి ఉంది. ముందున్నవాడు కాసేపు తొక్కి పక్కకు జరుగుతాడు. అందరినీ పోనిచ్చి చివర్న కలుస్తాడు. తర్వాతివాడు ముందుకొస్తాడు.

మేము నలుగురం. "పెద్దవాణ్ణి, నేను ముందు నడుస్తా" అన్నాను. మొదట్లో వాలు తక్కువ కాబట్టి అమ్మాయి సరేనంది. కాసేపటికి, "మావయ్యా, ఇక పక్కకు జరగండి, నేను తొక్కుతాను" అంది. "నాకేం కాలేదు తల్లీ" అన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట. లోపల చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. నీళ్ళు తాగుదామని ఆగేసరికి గాలి తగిలింది. పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలైంది. పిల్ల తన సంచిలోంచి పొడి కోటు తీసి నాకు తొడుగుతూ కోప్పడింది: "తడి ఒంటితో ఈ చలిలో ఆగితే మనిషి చల్లబడిపోతాడు. ముందుండడం గొప్ప కాదు మావయ్యా. నలుగురం తిరిగి రావడం గొప్ప."

నోరు మూసుకుని చివరికి పోయాను.

అక్కడ మాటల్లేవు. మంచు మీద అడుగుల చప్పుడు తప్ప ఏ అలికిడీ లేదు. ఆ నిశ్శబ్దంలో మా ఊరి విహారం గుర్తొచ్చింది. మా సంఘంలో ఒక కుర్రాడు నాలుగేళ్ళ పాటు అడిగాడు, "అన్నా, ఒక్క పున్నమికి నేను ప్రసంగం చేస్తా" అని. "నువ్వింకా నేర్చుకోవాలి" అన్నాను ప్రతిసారీ. పోయిన ఏడాది మానేశాడు. అతనితో పాటు ఆరుగురు రావడం మానేశారు. ఈకాలం పిల్లలకు ఓపిక లేదని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. అబద్ధం! ఓపిక లేనిది నాకు. దారి వదిలే ఓపిక.

మిత్రులారా, బుద్ధుడు ఏం చేశాడో చూడండి. గణక మొగ్గల్లానుడనే బ్రాహ్మణుడు అడిగాడు: నీ శిష్యులంతా నిబ్బానం చేరుతున్నారా అని. కొందరు చేరతారు, కొందరు చేరరు అన్నాడు బుద్ధుడు. రాజగృహానికి దారి అడిగినవాడికి నువ్వు చెబుతావు, నడవాల్సింది వాడే కదా, నేనూ దారి చూపేవాణ్ణే అని వివరించాడు. బాబాసాహెబ్ అంబేద్కర్ కూడా ఆయన్ని మార్గదాత అన్నారు, మోక్షదాత అనలేదు. చివరి రోజుల్లో జబ్బు పడి లేచిన బుద్ధుడు, సంఘాన్ని తానే నడిపిస్తున్నానన్న తలపు తనకు లేదని ఆనందుడితో అన్నాడు. వారసుణ్ణి పెట్టలేదు. తన తర్వాత ధమ్మమూ వినయమే గురువు అన్నాడు. అంతటివాడే పక్కకు జరిగితే, విహారం మైకు పట్టుకుని వేలాడే నేనెంత?

ఆ రోజు మేము పైదాకా పోలేదు. ఆఖరి వాలు దగ్గర మబ్బు కమ్మింది. కొత్త మంచు జారి మీద పడే ప్రమాదం ఉందని, ముందున్న అమ్మాయి వెనక్కి తిప్పింది. నేల, ఆకాశం ఒకటే తెలుపు. దిక్కు తెలియలేదు. మేము తొక్కిన జాడే మమ్మల్ని కిందికి తెచ్చింది. అందులో ఏ అడుగు ఎవరిదో చెప్పలేం. నలుగురివీ కలిస్తేనే అది దారి.

ఊరికి రాగానే ఆ కుర్రాడి ఇంటికి పోయి, తప్పు నాదేనన్నాను. టీ ఇచ్చాడు గానీ మాట ఇవ్వలేదు. వారం తర్వాత తనే వచ్చాడు. మాఘ పున్నమి నాడు ప్రసంగం చేశాడు. రెండు పాళీ మాటలు తప్పు పలికాడు. సరిచేద్దామని లేవబోయి, మళ్ళీ చాప మీద కూర్చున్నాను. మానేసిన ఆరుగురిలో నలుగురు వచ్చారు. ఇద్దరు ఇంకా రాలేదు. వాళ్ళ ఇళ్ళకూ పోవాలి.

మీ ఇంట్లో, మీ సంఘంలో, మీ వెనక నడుస్తున్నది ఎవరో ఒక్కసారి తిరిగి చూడండి. ఎప్పటినుంచో అడుగుతున్నారేమో. పక్కకు జరగండి. జరిగినవాడు దారిలోంచి పోడు, వెనక నడుస్తాడు. అదీ నడకే.

భవతు సబ్బ మంగళం.