ఒకే గిరి, రెండు నదులు
(వృత్తియందు తృప్తి ఎచ్చటిది?)

వికారాబాదునకు చేరువనున్న అనంతగిరి కొండలపై శ్రీ అనంతపద్మనాభస్వామి వెలసియున్నాడు. మార్కండేయ మహర్షి తపమాచరించిన స్థలమని స్థలపురాణము. కార్తికమాసమున జాతరకు వచ్చు భక్తులతో ఆ కొండలు నారాయణ నామమున ప్రతిధ్వనించును. ఆ కొండల ప్రాంతముననే రెండు నదులు జన్మించుచున్నవి. మూసీ తూర్పుముఖమై హైదరాబాదు నగరము నడుమ సాగును. కాగ్నా పడమటి దిక్కు పట్టి తాండూరు, బషీరాబాదు ప్రాంతముల నేలలను తడిపి, కర్ణాటకమున ప్రవేశించి భీమానదిలో కలియును. పుట్టినిల్లు ఒక్కటే, నడచు దారులు వేరు.

బషీరాబాదు వైపు పల్లెలలో ఇట్టి గృహము నొకదానిని ఊహించుకొనవచ్చును. తండ్రికి ఇద్దరు కుమారులు. పెద్దవాడు చదువుకొని, 1874లో పూర్తియైన వాడి-సికింద్రాబాదు మార్గమున రైలెక్కి, పట్నమున ఉద్యోగమునకు పోయినాడు. ఒక గిడ్డంగిలో వచ్చిపోవు సరకుల లెక్క వ్రాయుట అతని పని. నెల తిరుగునప్పటికి జీతము చేతికి వచ్చును. చిన్నవాడు ఇంటనే నిలిచి కంది పండించుచున్నాడు. బంధువులు పెద్దవానిని మెచ్చుకొందురు. చిన్నవానికి పిల్లనిచ్చుటకు మాత్రము వెనుకాడుదురు. "సేద్యమా?" అని పెదవి విరిచి సంబంధము వదలుకొని పోవుదురు. అయినను పండుగకు వచ్చినప్పుడు నిట్టూర్చువాడు పెద్దవాడు. పాట పాడుకొనుచు పొలము పోవువాడు చిన్నవాడు. తండ్రికి ఇది అర్థము కాదు. స్వామి సన్నిధిని కన్నులు మూసికొని, "ఇద్దరిలో ఎవరి బ్రతుకు కుదురుకొన్నది తండ్రీ?" అని అడుగుచున్నాడు. ఈ ప్రశ్న నేడు అనేక గృహములలో వినవచ్చుచున్నది.

మొదట ధనము మాట. ఆకలిగొన్న ఇంట తృప్తిని గూర్చి ఉపదేశము చేయుట ధర్మము కాదు. కుటుంబ పోషణకు చాలినంత ఆదాయము ప్రతి వృత్తికిని అవసరము. కాని చాలినంత వచ్చిన పిమ్మట, ధనము గాని పదవి గాని మాత్రమే మనసును నింపజాలవు. ఇందుకు సాక్షి మూసీనది పేరే. మూసీకి ముచుకుందానది యని నామాంతరము. భాగవత దశమస్కంధమున ముచుకుంద మహారాజు చరిత్రము కలదు. మాంధాత కుమారుడగు ఆ రాజు దేవతల ప్రార్థనపై చిరకాలము యుద్ధభూమిని నిలిచి స్వర్గమును కాపాడినాడు. అంతకు మించిన కొలువు ఏ మానవునకు లభించును? కాని పని ముగిసి తిరిగి చూచుకొనగా, భార్యలు, పుత్రులు, మంత్రులు అందరును కాలప్రవాహమున కొట్టుకొని పోయియుండిరి. దేవతలు వరము కోరుకొమ్మనగా ఆ మహావీరుడు కోరినది నిద్ర! జీవితమంతయు ధారపోసిన కొలువు తుదకు మిగిల్చినది అలసట. అతడు గుహలో నిద్రించి, మేలుకొనిన పిమ్మట శ్రీకృష్ణుని దర్శించినాడు. అప్పుడు స్వామియే వరమిచ్చెదనన్నను రాజ్యము కోరలేదు. పాదసేవను మాత్రమే కోరినాడు.

అట్లయిన తృప్తికి లక్షణములేవి? మొదటిది, తన పని ఎవరికి చేరుచున్నదో తెలియుట. చిన్నవాడు తొలకరిలో విత్తును. పూతవేళ పురుగు పడకుండ కాపు కాయును. పుష్య మాఘములనాటికి కాయ ఎండి గలగలలాడగా కోసి నూర్చును. తాండూరు కంది త్వరగా ఉడుకుననియు, రుచిగలదనియు ప్రసిద్ధి. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ పప్పు ఏ ఇంటనో, ఏ దేవళపు వంటశాలలోనో ఉడికి నైవేద్యమగునని అతనికి తెలియును. విత్తనము మొదలు విస్తరి వరకు అతని కన్నులకు కనబడుచున్నది. పెద్దవానికి కనబడునవి అంకెలు మాత్రమే. ఆ మూటలు ఎచ్చటినుండి వచ్చినవో, ఎవరి ఇంటికి పోవుచున్నవో అతడెరుగడు.

రెండవది, పనిలో తన బుద్ధికి చోటుండుట. ఎప్పుడు విత్తవలెను, ఎప్పుడు కలుపు తీయవలెను అని నిర్ణయించువాడు రైతే. తప్పినచో ఏమి తప్పినదో పొలమే చెప్పును. లౌకిక పండితులును ఈ మాటనే చెప్పియున్నారు. 1976లో అమెరికా దేశమున హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అను ఇరువురు, పని మనసుకు నచ్చుటకు ఐదు లక్షణములు చూపిరి. పలు నైపుణ్యములు వినియోగపడుట, ఆదినుండి అంతము వరకు పని తనదగుట, పరులకు మేలు కలుగుట, స్వతంత్రముండుట, ఫలితము తనకు తెలియుట అనునవే అవి. వీనిలో జీతపు పరిమాణము లేదు. అధికారపు ఎత్తును లేదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. అది పనిని అర్పించుట. వేంకటాచల మాహాత్మ్యమున భీముడను కుమ్మరి కథ ప్రసిద్ధము. అతనికి ఆలయమునకు పోవు తీరిక లేదు. సారె త్రిప్పుచు, చేతికంటిన మట్టితోనే పువ్వులు చేసి తన ఇంటిలోని స్వామి మూర్తికి సమర్పించెడివాడు. తొండమాన్ చక్రవర్తి బంగారు పువ్వులతో పూజించుచుండగా, స్వామి పాదములపై మట్టిపువ్వులు కనబడినవి. చక్రవర్తి ఆశ్చర్యపడి ఆ కుమ్మరి ఇల్లు వెదకికొని పోవలసి వచ్చినది. కుమ్మరి సారె విడువలేదు. సారెపైననే స్వామిని నిలుపుకొన్నాడు. గీత పదునెనిమిదవ అధ్యాయము బోధించునదియు ఇదియే. ఎవని స్వభావమునకు తగిన పనియందు వాడు ప్రీతితో నిలిచి, ఆ పనినే భగవదర్చనగా చేసినచో సిద్ధి పొందునని దాని తాత్పర్యము.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఈ ఉపదేశము పనిచేయువాని కొరకు చెప్పబడినది గాని, పని చేయించుకొనువాడు దానిని అడ్డుపెట్టుకొనుటకు కాదు. తాండూరు పరిసరములలో నాపరాతి గనులు, రాయి కోసి నునుపు చేయు కర్మాగారములు కలవు. ఆ బండలు ఎన్నియో ఇండ్లలో పరచబడినవి. ఆ బండ కోయువాడు రాతిధూళి పీల్చుచు, చాలని కూలికి పనిచేయుచుండగా, "తృప్తిగా నుండుము, ఇది నీ ధర్మము" అని యజమాని పలుకుట ధర్మము కాదు; ధర్మము పేర వంచన. ఊపిరికి రక్షణ, శ్రమకు తగిన కూలి ఇచ్చుట యజమాని చేయవలసిన అర్చన. శాంతిపర్వమున తులాధారుడను వర్తకుడు జాజలి యను తపస్వికి ధర్మము బోధించినాడు. అతని ఘనత తపస్సు కాదు; అతని త్రాసు అందరికిని సమముగా తూగుటయే. త్రాసు వంకరయైన చోట, తూచువానికి గాని తూచబడువానికి గాని తృప్తి నిలువదు. మరియు స్వభావమనగా తండ్రి వృత్తియే యని అర్థము చేసికొనరాదు. బిడ్డ మనసు దేనియందు వికసించునో కనిపెట్టి, ఆ దారి విడుచుటయే పెద్దల విధి.

మరల ఆ గృహమును తలచుకొనవలెను. చిన్నవాని సేద్యము గొప్పదని, పెద్దవాని కొలువు తక్కువదని చెప్పుట తొందరపాటగును. వాన తప్పిన ఏట, ధర పడిన ఏట చిన్నవానికి నిలిచిన అండ అన్న పంపిన సొమ్మే. ఆ మాట ఇంటిలో ఎవరును పెద్దవానితో అనలేదు. తన జీతము ఎచ్చటికి చేరుచున్నదో అతనికి తెలుపలేదు. తండ్రి ఒకనాడు అతనిని పొలము గట్టున కూర్చుండబెట్టి, "నాయనా, ఈ పైరు నీ చేతిదియును" అని చెప్పినచో అతని నిట్టూర్పు కొంత తగ్గును. తన లెక్క తప్పినచో ఏదో ఒక ఇంటికి సరకు చేరదని తలచి వ్రాసినచో, ఆ అంకెలును మట్టిపువ్వులగును. అప్పటికిని మనసు కుదురుకొననిచో, వేరు పని వెదకికొనుట దోషము కాదు. నది వంపు తిరిగినంత మాత్రమున దారి తప్పినట్లు కాదు. చిన్నవానికి పిల్లనిచ్చువారు కూడ జీతపు చీటీని మాత్రమే చూడక, సాయంకాలమున ఇల్లు చేరువాని ముఖమును చూచుట మంచిది.

తండ్రి ప్రశ్నకు సమాధానము ఆ కొండయే చెప్పుచున్నది. తూర్పునకు పోయిన మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. పడమటికి పోయిన కాగ్నా భీమలో కలిసి, ఆ భీమతో పాటు కృష్ణనే చేరుచున్నది. దిక్కులు వేరైనను గమ్యము కృష్ణయే. దారిలో దాహము తీర్చుచు పోయిన నీటికి ఏ దారియు వ్యర్థము కాదు.

శ్రీకృష్ణార్పణమస్తు.