వాయుదేవుని ఎదుట సత్యము

రేపు గాలి ఈశాన్యమునుండి వీచునని చెప్పినవాడు, తీరా ఆ గాలి రానిచో, అసత్యమాడినవాడగునా? ఈ ప్రశ్న వాతావరణశాస్త్రజ్ఞునికంటె ఆస్తికునకే బరువైనదని నాకు తోచును. తైత్తిరీయోపనిషత్తునందలి తొలి శాంతిమంత్రము వాయువును ప్రత్యక్షబ్రహ్మముగా కొలిచి, ఆ దేవత సన్నిధిని సత్యమే పలుకుదునని మనచే ప్రతిన చేయించుచున్నది. ఎవని ఎదుట ప్రతిన పట్టితిమో వాని రేపటి నడకను గూర్చియే నేడు మాట చెప్పుట మన పూర్వులకు సాహసముగా తోచలేదా?

తోచలేదు. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో, ఆషాఢపూర్ణిమనాటి సూర్యాస్తమయవేళ గాలి ఏ దిక్కునుండి వీచునో కనిపెట్టి ఆ యేటి పంటలను ఊహింపవచ్చుననెను; మేఘగర్భము నిలిచిన 195 దినములకు వర్షము ప్రసవమగుననెను. ఆ లెక్కలు నేడు నిలువవు. అయినను, వాయువును దేవుడన్న జాతియే ఆయన రాకపోకలను లెక్కింపబూనుట అపచారమని ఎంచలేదనుటకు ఆ గ్రంథము సాక్షి.

కృష్ణాడెల్టాలోని యొక చిన్న పల్లెను తలచుకొందము. కుప్ప నూర్చిన కళ్లములో ధాన్యము రాశిపడియున్నది. రైతు చేటతో ఎత్తుబల్ల నెక్కి, పిడికెడు పొట్టు జారవిడిచి, అది కాళ్లకడనే రాలుట చూచి, తూర్పారబట్టుటకు ఈ గాలి చాలదని దిగి, పైరగాలికై పొద్దువాలువరకు కూర్చుండును. వాతావరణశాఖ 2024 అక్టోబరు నుండి గ్రామపంచాయతీల స్థాయిలో సూచనలు వెలువరించుచున్నది. అది గొప్ప మేలే. కాని సూచనలలో చెప్పు గాలివేగము బయలుప్రదేశమున 10 మీటర్ల ఎత్తునకు కట్టిన లెక్క; దానికి మూలమైన గణితము కిలోమీటర్ల వెడల్పుగల గడులలో సాగును. రైతు చేట యుండునది గడ్డివాము చాటున, తాటితోపు ప్రక్కన, కాలువగట్టు దిగువన. గంటకు 15 కిలోమీటర్లని చెప్పిన గాలి అక్కడికి చేరుసరికి పొట్టునైనను కదలింపలేకపోవచ్చును. అదియుగాక, తొలికొలతలోని అత్యల్పదోషమే దినములు గడచినకొలది పెరిగి లెక్క నంతను తారుమారు చేయగలదని 1963లో వాతావరణశాస్త్రజ్ఞుడగు లోరెంజ్ చూపియున్నాడు. ఈ సందేహము యంత్రములు మెరుగైనకొలది తగ్గునేగాని బొత్తిగా తొలగదు.

కేనోపనిషత్తులో యక్షుని ముందు వాయువు ఒక గడ్డిపోచను కదలింపజాలక తలవంచెను. తన బలము తనది కాదని వాయువునకే అప్పుడు తెలిసినది. వాయువే తన్ను తానెరుగనప్పుడు, ఆయనను గూర్చి నిస్సంశయముగా పలుకు అధికారము మానవునకెక్కడిది? కనుక భవిష్యద్విషయమున సత్యమనగా జరిగితీరునది చెప్పుట కాదు. తెలిసినంత తెలిసినట్లు, తెలియనిది తెలియదన్నట్లు చెప్పుట.

ఈ భేదము పండితచర్చకు మాత్రమే పరిమితమైనది కాదు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిరి. 1990 మే నెలలో దాదాపు అంతటి తుఫానే అదే తీరమును తాకినను, లక్షలకొలది జనులను ముందుగా తరలించుటచే మృతులసంఖ్య అందులో పదవవంతునకు దిగెను. అట్లు తరలినవారిలో గాలి తాకని పల్లెలవారును ఉందురు. పసిబిడ్డలతో, ముసలివారితో తుఫాను ఆశ్రయమున రాత్రులు గడపి, వలలేమైనవో, మేకలేమైనవో యని బెంగపడి, తిరిగివచ్చి చెక్కుచెదరని పాకను చూచిన జాలరి ‘ఉత్తుత్తి తుఫా’ నని విసుగుకొనుట తప్పుగాదు. చెప్పినవాడును తప్పు చేయలేదు. ఎట్లయినను జనము కదలవలెనని, సందేహమును దాచి, వచ్చితీరునని చాటినచో మాత్రము అది అసత్యమే. ఎంత దయతో పలికినను అసత్యమే. అట్టి మాట తరువాతి తుఫాను హెచ్చరికను గూడ చంపును.

పల్లెవారికి సందేహభాష తెలియదని ఆక్షేపించువారున్నారు. తీరమున ఏ ముసలి జాలరినైనను రేపు వేటకు పోవచ్చునాయని అడిగి చూడుడు. “పోవచ్చనే అనిపిస్తోందండీ, అయినా తెల్లారగట్ల గాలి చూసి చెబుతా” ననును. శాఖవారి సూచనయు ఆ నోటనే వెలువడవలెనని నా విన్నపము. పంచాయతీ కార్యాలయపు బల్లపై గాలిదిక్కు, వేగములతోబాటు, ఆ సూచన తప్పుటకెంత అవకాశము గలదో తేటతెలుగున వ్రాయవలెను. ఇండ్లు విడువుడను ఆజ్ఞ వచ్చిననాడు ఆ పంక్తి మరింత పెద్దయక్షరములలో నుండవలెను.