పేదవాని గొఱ్ఱెపిల్ల

ధ్యానభాగము: 2 సమూయేలు 12:1-6

నాతాను చెప్పిన ఈ కథ చదివినప్పుడెల్ల మనము ధనవంతునివైపే వ్రేలు చూపుదుము. ఈ మాసము పేదవానివైపు చూతము. గొఱ్ఱెపిల్లను కొన్ననాడును అతడు పేదవాడే. ఇంట పిల్లలున్నారు. అయినను తన ముద్దలో దానికి పాలిచ్చి, కూతురివలె పెంచెను.

మన గ్రామములనుండి ఉద్యోగములకై హైదరాబాదు చేరిన యౌవనస్థులలో కుక్కలను పెంచువారు కలరు. 2020లో కరోనా వలన గదిలోనే కూర్చుండి పని చేయవలసి వచ్చినప్పుడు తోడుకొరకు తెచ్చుకొన్నవారును కలరు. తరువాత ఆఫీసులు తెరచిరి. ఇంటి యజమాని వద్దనెను, లేక పెండ్లి కుదిరెను, లేక విదేశమునకు వీసా వచ్చెను. అప్పుడా ప్రాణి శరణాలయపు గుమ్మమునకో, రాత్రివేళ ఊరిబయటి రోడ్డునకో చేరును. 1992లో ఆరంభమైన హైదరాబాదు బ్లూ క్రాస్ వంటి స్థలములలో గాయపడిన వీధిజంతువులే అనేకము.

రోడ్డును శరణాలయమును ఒక్కటి కావు. ఆకలిదప్పులకు గురియగునట్లు తగిన కారణము లేక జంతువును విడిచిపెట్టుట నేరమని 1960 నాటి చట్టము చెప్పుచున్నది. మొదటి తప్పునకు అందు వ్రాసిన జుల్మానా 10 మొదలు 50 రూపాయలు! శరణాలయమునకు తెచ్చినవాడు కనీసము దాని ఆకలిని తలంచెను. జబ్బుపడి, పని పోయి, వేరు దారిలేక తెచ్చినవారిని మనము నిందింపము.

అయితే తప్పు అనేకుల విషయములో ఆ గుమ్మమునొద్ద మొదలుకాలేదు, తెచ్చుకొన్న దినముననే మొదలైనది. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పెను (లూకా 14:28). కుక్క పది పన్నెండేండ్లు బ్రదుకును. 24 ఏండ్లవాడు తెచ్చిన పిల్ల అతనికి 36 వచ్చువరకు ఉండవచ్చును. ఈలోగా ఎన్ని ఇండ్లు మారును? మంచుదేశపు హస్కీని కొని మే నెల యెండలో మూడవ అంతస్తున కట్టివేయువాడు ఏ లెక్క చూచెను? తన ఒంటరితనమును మాత్రమే చూచుకొనెను. అది తీరగానే కుక్క బరువైనది. కుక్కకు మాత్రము అతడు తప్ప మరి యెవరును లేరు.

పట్టణపు పిల్లలను తప్పుపట్టుట సులభమే. కాడి లాగలేని ముసలి ఎద్దు సంతకు పోవుట వారు చిన్ననాడే చూచిరి. రెండెకరముల రైతు పనిలేని ఎద్దును ఎట్లు మేపునన్నది నిజముగా కష్టమైన ప్రశ్నయే. సామెతలు 12:10 చదివి దానిని తేలికగా దాటలేము. గదిలో ఉన్నవానికి అంత కష్టము లేదు. అతడు కొనకుండ ఉండవచ్చును.

కొన్నవాడు ఇంటికి ఫోనుచేసి, “నాయనా, కుక్కను మనయింట ఉంచెదవా?” అని అడిగినయెడల పెద్దలు నవ్వి త్రోసివేయకుందురుగాక. రేబీస్ టీకా వేయించి, ఆ కాగితముతో తీసికొని రమ్మనవచ్చును. వీధికుక్కలు మీదపడకుండ కొన్నాళ్లు పాకలో కట్టి, గంజి పోసి, దాని తిండికి నెలనెలా అతనినే డబ్బు పంపుమనవచ్చును.