కల్పిత కథలు చదువుట పాపమా?



గత వేసవి సెలవులలో పత్తికొండకు దగ్గరనున్న మన సంఘములలో ఒకదానియందు, ఒక యింట తగవు పుట్టెను. హైదరాబాదులో చదువుకొనుచున్న మనుమరాలు నాలుగు లావుపాటి ఇంగ్లీషు కథల పుస్తకములతో ఇల్లు చేరెను. తాత సంఘపెద్ద. లోపలి కథ యేమని ఆయన అడుగగా, పట్టణములు ఇనుప చక్రములమీద పరుగెత్తుననియు, చచ్చినవాడు ఇనుప దేహముతో లేచి నడచుననియు ఆమె చెప్పెను. ఆయన అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము తీసి, ఎఫెసువారు మాంత్రిక పుస్తకములను కాల్చిన సంగతి చూపి, వీటిని పొయ్యిలో వేయుమనెను. “చదివి సూడు తాతా, ఆమింద కాలుద్దువులే” అని ఆమె యనెను. తాతకు ఇంగ్లీషు రాదు. కాబట్టి ఇద్దరును మా యొద్దకు వచ్చిరి. ఇట్టి కథలు క్రైస్తవులు చదువవచ్చునా అని ఇంతకుముందు కొందరు తలిదండ్రులును మమ్మును అడిగియున్నారు గనుక, ఆ పుస్తకములను పుచ్చుకొని మూడు వారములు కూర్చుండి చదివితిమి.

మొదట ఎఫెసు సంగతి. ఆ అధ్యాయమును నిదానముగా చదివినయెడల మూడు విషయములు కనబడును. కాల్చబడినవి మంత్రప్రయోగములు నేర్పు గ్రంథములు, కథలు కావు. వాటిని కాల్చినవారు ఆ విద్యను తామే అభ్యసించినవారు. వారు తమ సొంత పుస్తకములనే తెచ్చి కాల్చిరి. వాటి వెల ఏబదివేల వెండి రూకలని లూకా లెక్క వ్రాసెను. పొరుగువాని పెట్టె తెరచి అందులోని పుస్తకమును లాగికొన్నట్టు అక్కడ లేదు. ఇది తాతగారితో చెప్పినప్పుడు ఆయన కొంతసేపు మాటలాడలేదు.

పిమ్మట మేము ఆయనను ఒక ప్రశ్న అడిగితిమి. బాల్యమున ఆయన ‘చందమామ’ చదివెనా? చదివెను, చదువుట మాత్రమే గాక, వచ్చే నెల సంచికకొరకు బస్సు దగ్గర కాచుకొనియుండెనట. ఆ పత్రిక 1947 జూలైలో మద్రాసులో ప్రారంభమాయెను. 1954లో ‘తోకచుక్క’ మొదలుకొని ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ మొదలైన ధారావాహికలు అందులో వెలువడెను. వాటిని వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యముగారు. ఆ కథలపైన ఆయన పేరు అచ్చుపడలేదు. చిత్రాగారు వేసిన బొమ్మలు చూచిన పిల్లలు ఆ మాంత్రికులను ముసలితనమువరకు మరువలేదు. “అవి చదివి మీరు మాంత్రికులైతిరా?” అని అడుగగా తాత నవ్వి, “ఆ మాంత్రికుడు యెట్ల సస్తాడో సూద్దామనే గదా చదివింది” అనెను.

కల్పితమంతయు అబద్ధమేనని కొందరు చెప్పుదురు. అబద్ధమాడువాడు తన మాట జరిగినదని మనము నమ్మవలెనని కోరును. కథ చెప్పువాడు అట్లు కోరడు. యోతాము గెరిజీము కొండమీద నిలిచి, చెట్లు తమకు రాజును కోరుకొనిన కథ చెప్పినప్పుడు (న్యాయాధిపతులు 9) చెట్లు మాటలాడునా అని షెకెమువారు ప్రశ్నించినట్లు లేదు. నాతాను చెప్పిన బీదవాని గొఱ్ఱెపిల్ల కథ విని దావీదు అది ఏ ఊరిలోనిదని విచారింపలేదు, కోపముతో మండిపడెను. తన కోపము తన మీదికే తిరిగినప్పుడు గదా ఆ కథ దేనికొరకు చెప్పబడెనో ఆయనకు తెలిసెను (2 సమూయేలు 12).

ఇక ఆ నాలుగు పుస్తకముల సంగతి. వీటిని వ్రాసినవాడు ఫిలిప్ రీవ్ అను ఇంగ్లీషు రచయిత. మొదటిది ‘మోర్టల్ ఇంజిన్స్’ 2001లోను, తక్కినవి 2003, 2005, 2006 సంవత్సరములలోను వెలువడెను. ఆవిరియంత్రముల నాటి చక్రములు, గొట్టములు, గాలి ఓడలు గల ఊహాకథలకు స్టీమ్‌పంక్ అని పేరు పెట్టిరి. (పేరు క్రొత్తదే గాని సంగతి పాతది. జూల్స్ వెర్న్ 1880లోనే, ఉత్తర హిందూదేశమున ఇండ్లను లాగుకొనిపోవు ఆవిరి ఏనుగును గూర్చి నవల వ్రాసెను.) రీవ్ కథలో అరువది నిమిషముల యుద్ధమొకటి లోకమును పాడుచేయును. వేల ఏండ్ల తరువాత పట్టణములు చక్రములమీద తిరుగుచు, పెద్దది చిన్నదానిని తరిమి పట్టి మింగును. మింగిన ఊరి ఇనుమును, కొయ్యను ఊడదీసి తన కడుపు నింపుకొనును. ఇదియే ప్రకృతి న్యాయమని ఆ పట్టణస్థులు పిల్లలకు బడిలో నేర్పుదురు.

మనుమరాలి అభిప్రాయము మమ్మును ఆలోచింపజేసెను. మొదటి అధ్యాయములో లండను పట్టణము ఒక చిన్న గనుల ఊరిని తరుముచుండగా, తనకు లండను కనబడలేదనియు, దసరా వెళ్లిన తరువాత సుగ్గికి బయలుదేరు లారీలు కనబడెననియు ఆమె చెప్పెను. పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములవారికి సుగ్గి యనగా వివరింప నక్కరలేదు. వాన లేక చేను ఎండిన యేట కుటుంబములకు కుటుంబములు గుంటూరు మిరపచేలకును, బెంగుళూరు కట్టడములకును పోవుట, ఇండ్లకు తాళములు పడుట, అవ్వలు పసిపిల్లలతో మిగిలిపోవుట మనమెరిగినదే. ఆ నెలలలో ఆదివార ఆరాధనకు వచ్చు వారిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. “పెద్ద ఊరు మన ఊరిని తింటాంది తాతా. మనమే నడిసిపోయి దాని నోట్లో పడతాండాం” అని ఆ పిల్ల అనెను.

మేము దీనితో సగమే ఏకీభవించితిమి. ఆమె తండ్రి రెండేండ్లు మిరప కోసి తెచ్చిన కూలితోనే ఆమె కళాశాల రుసుము కట్టబడెను. ఆ సంగతి ఆమెకును తెలియును. మింగబడినవాడు తిరిగి రాడు. సుగ్గికి పోయినవాడు ఉగాదికి తిరిగివచ్చి అప్పు తీర్చును, మందిరపు కప్పుకు చందాయు ఇచ్చును. అయినను ఇంటికి ఇల్లు, పొలమునకు పొలము కలుపుకొనువారికి శ్రమ యని యెషయా పలికిన మాట (5:8) మేము ఎన్నిమారులు ప్రసంగించితిమో! దానిని ఆకలిగొన్న యంత్రముగా మా కన్నులయెదుట నడిపించి చూపినది ఈ కల్పిత కథ. నాబోతు ద్రాక్షతోట అహాబు నగరును ఆనుకొనియుండెను. అది చేసిన నేరమెల్ల అదియే.

ఒక చోట తాతగారు మిక్కిలి నొచ్చుకొనెను. లోకమును కాల్చగల ప్రాచీన ఆయుధమును లండనువారు సెయింట్ పాల్ దేవాలయములోనే అమర్చుదురు. గోపురము తెరచుకొని అగ్ని వెడలును. ఇది దేవాలయమునకు అవమానమని ఆయన యనెను. మాకును కష్టముగా తోచెను. అయితే ఉజ్జియా చరిత్ర (2 దినవృత్తాంతములు 26) తీసి చూడుడి. బాణములను, పెద్దరాళ్లను విసరు యంత్రములను నిపుణులచేత చేయించి కోట బురుజులమీద పెట్టించినవాడాయన. బలము కలిగినప్పుడు మనస్సు గర్వించి, ధూపార్తి చేతపట్టుకొని ఆలయములోనికే చొరబడెను. అధికారము చాలినంత పెరిగిన పిమ్మట దేవుని ఇంటిలోనికి రాక మానదు. మేమెరిగిన ఒక సంఘములో కమిటీ తగాదావలన మందిరమునకు రెండు తాళములు పడెను. రెండు నెలలు పిల్లల సండేస్కూలు వేపచెట్టు క్రింద జరిగెను. అక్కడ ఆయుధమేదియు లేదు, తాళపుచెవులే యుండెను.

మాకు ఒప్పుదల కాని సంగతియు కలదు. ష్రైక్ అను పాత్ర చచ్చినవాని శరీరమునకు ఇనుము తొడిగి, జ్ఞాపకములు తీసివేసి, చంపుటకొరకు లేపబడినవాడు. పునరుత్థానమను మాటను ఇట్టి పనికి వాడుట చదువుచుండగా మా మనస్సు ఎదురు తిరిగెను. మన ప్రభువు లేచినప్పుడు మరియను పేరుపెట్టి పిలిచెను. గాయములు చూపెను (యోహాను 20). జ్ఞాపకము లేని లేచుట మన నిరీక్షణ కాదు. పిల్ల దీనికి బదులు చెప్పెను: ఆ ఇనుప మనిషి చివరకు చంపుట మాని, ఎన్నో యుగముల తరువాత చిన్నపిల్లలకు కథ చెప్పువాడగునట. మేము అప్పటికి నాలుగవ పుస్తకమును చేరలేదు. ఆమె త్వరపడి చెప్పివేసెను. అట్లైనను, ఈ కథలలో పగ, రక్తపాతము మెండు. పదునైదేండ్లకు లోపలి పిల్లలకు ఇయ్యరాదని మా తలంపు.

హెస్టర్ అను అమ్మాయిని గూర్చి మాత్రము మేము ముగ్గురమును చాలసేపు మాటలాడితిమి. ఆమె ముఖము కత్తి గాటుతో వికారమైనది. చూచినవారు మొగము త్రిప్పుకొందురు. (మన పల్లెలలో మనుష్యులను కుంటోడా, మెల్లదానా అని పిలుచుట సంఘస్థులే మానలేదు.) రెండవ పుస్తకములో, తాను ప్రేమించిన టామ్ మరియొకతెవైపు తిరుగునను భయముతో, ఆమె ఒక పట్టణమంతటిని వేటగాండ్ర పట్టణమునకు అప్పగించును. అందుకు వారిచ్చు బంగారము ఆమెకు అక్కరలేదు, టామ్ చాలును. మనుమరాలు ఈ భాగమును మిద్దెమీద రాత్రివేళ తాతకు తెలుగున చెప్పెనట. తాత మాతో ఇట్లనెను: “యూదా డబ్బుకు అమ్మినాడని మనం తిడతాం. మనం డబ్బుకు అమ్మము సామీ. నా పిల్లోళ్లని, నా ఇంటోళ్లని, వాళ్ల కోసరమనే అమ్ముతాం.” నలువది ఏండ్లు పెద్దరికము చేసినవాని నోట ఆ మాట వచ్చెను. ఏ సంగతి తలంచుకొని ఆయన అట్లనెనో మేము అడుగలేదు.

పుస్తకములు కాల్చబడలేదు. మొదటి మూడును తాత ట్రంకుపెట్టెలో బట్టల క్రింద నున్నవి. మనుమరాలు మూడవ దానివరకు చెప్పి, సెలవులు ముగియగానే బండి యెక్కిపోయెను. నాలుగవది మా బల్లమీద నున్నది. ఇప్పుడు దానిని ముగించితిమి. ఆ సంగతి ఎట్లో తెలిసికొని, క్రిస్మసుకు పిల్ల వచ్చునంతవరకు అందులోని కథ ఒక్క ముక్కయైనను తనకు చెప్పవలదని తాతగారు మమ్మును గట్టిగా కోరియున్నారు.